ఆగుండ్రి, వస్తున్న

నేను ఒక ఇనుప మొద్దును. మనిషి తొడంత లావు ఉంటాను. వీపు మీద రెండు పిడులు ఉంటాయి, ముందు చదునైన ముఖం ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్ళు నన్ను రోకలి అనుకుంటారు. ఎత్తి చూశాక ఏదో బోరుబావి సామాను అయి ఉంటుందంటారు. నా పని ఒక్కటే, మూసిన తలుపులు పగలగొట్టడం. ప్రభుత్వ కాగితాల్లో నా పేరు ద్వారభేదన పరికరం. నన్ను మోసిన పోలీసులు మాత్రం అల్లుడు అని పిలిచేవారు. పిలవకపోయినా లోపలికి పోయేవాడు అల్లుడే కదా అని వాళ్ళ హాస్యం.

నగరం అంచున ఉన్న పారిశ్రామికవాడలో, రేకుల షెడ్డు కింద నేను పుట్టాను. లేత్ మిషన్ మీద పనిచేసే కొమురయ్య ఒక పాత గొట్టాన్ని కోసి, అందులో ఇనుప రజను, సిమెంటు కూరి, ముఖానికి మందపాటి పలక అతికించాడు. నా కొలతలు సాయిలు అనే కానిస్టేబుల్ ఫోన్లో బొమ్మగా తెచ్చాడు. ఆ బొమ్మ సముద్రం దాటి వచ్చిందట. కొమురయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏందిది తమ్మీ, రోకలా?"

"కాదన్నా. తలుపులు పలగ్గొట్టేది."

"తాళంచెవి పోయిందా?"

సాయిలు నవ్వాడు. "పోలీసోళ్ళకు తాళంచెవి ఎవరిస్తరన్నా?"

"మీరు పిలిస్తే తియ్యరా మల్ల?"

సాయిలు ఫోను వెనక్కి తీసుకున్నాడు. "ఫారిన్ల గిట్లనే చేస్తరంట" అన్నాడు. ఫారిన్ అనే మాట విన్నాక కొమురయ్య ఇంకేమీ అడగలేదు. పిడులకు రంగు వేసి ఎండలో ఆరబెట్టాడు.

మా వంశం సంగతి నాకు తరువాత తెలిసింది. ఏసీపీ చంద్రమౌళి గారు కానిస్టేబుళ్ళను పరేడ్ మైదానంలో కూర్చోబెట్టి చెబుతుంటే, నేను గడ్డిలో పడుకుని విన్నాను. ఆయన కొన్ని వారాలు విదేశంలో శిక్షణ పొంది వచ్చారు. అక్కడ పాఠాలు చెప్పినవాళ్ళు ఒకప్పటి సైనికులు. ఒక ఎడారి దేశంలో ఏళ్ళ తరబడి యుద్ధం చేసినవాళ్ళు. తెల్లవారకముందే ఊరిని చుట్టుముట్టడం, ఎవరినీ బయటికి పోనివ్వకపోవడం, ఇల్లిల్లూ వెతకడం వాళ్ళ పని. యుద్ధం అయిపోయి స్వదేశానికి వెళ్ళాక, ఆ పనినే తమ నగరాల్లో పోలీసులకు నేర్పారు. ఆ తరువాత ఇతర దేశాల పోలీసులకు కూడా నేర్పారు. యుద్ధం ముగిసినా దాని అలవాట్లు ముగియలేదు. అవి విమానం ఎక్కి ఈ నగరానికీ వచ్చాయి. పత్రికలు వాటికి కార్డన్ సెర్చ్ అని పేరు పెట్టాయి.

ఆ సైనికులకు అక్కడి భాష రాదు. తలుపు తీయండి అని అడగడం రాదు. లోపలి నుంచి ఎవరైనా, ఉండండి, పసిబిడ్డ పడుకుంది అంటే అర్థం కాదు. అందుకని భాషతో పనిలేని వస్తువు ఒకటి వాళ్ళకు అవసరమైంది. అలా పుట్టినవాళ్ళు మా పెద్దలు. ఇక్కడ నన్ను మోసినవాళ్ళందరికీ లోపల ఉన్నవాళ్ళ భాష వచ్చు. అది వాళ్ళ అమ్మభాషే. ఈ సంగతి నేను గడ్డిలో పడుకుని చాలాసార్లు ఆలోచించాను. మనుషులకు ఆలోచించే తీరిక ఉన్నట్టు కనిపించలేదు.

మైదానంలో చెక్కలతో ఒక ఇల్లు కట్టారు. తలుపు, దాని వెనక ఖాళీ గది. మంచం లేదు, పొయ్యి లేదు, చాప లేదు. పద్ధతి ఇది. అందరూ తలుపు పక్కన గోడకు ఆనుకుని ఒకరి వెనక ఒకరు నిలబడాలి. ఒకరు పోలీస్ అని ఒకసారి అరవాలి. మూడు లెక్కపెట్టాలి. తలుపు తెరుచుకోకపోతే నన్ను ఊపి కొట్టాలి. మూడుకు మించి ఆగితే లోపలివాడి చేతికి మనమే ఆయుధం ఇచ్చినట్టు అని ఆ సైనికులు నేర్పారట. చంద్రమౌళి గారు చెడ్డవారు కాదు. "ఎవరికీ దెబ్బ తగలకూడదనే ఇదంతా" అని రోజూ చెప్పేవారు. అది ఆయన మనస్ఫూర్తిగానే నమ్మారు.

నన్ను మోసే పని సాయిలుకు ఇచ్చారు. అతను కాలేజీ రోజుల్లో కబడ్డీ ఆడేవాడు, భుజాలు గట్టివి. అరిచే పని హెడ్ కానిస్టేబుల్ ఇస్మాయిల్‌ది. ఇరవై ఏళ్ళుగా బస్తీల్లో తిరిగిన మనిషికి ఆ ఒక్క మాటతో ఆపడం చేతకాలేదు.

"పోలీస్! అక్కా, జర తలుపు తియ్యుండ్రి" అన్నాడు మొదటిరోజు, ఖాళీ గది ముందు నిలబడి.

మైదానమంతా నవ్వింది.

"అక్కా ఏందయ్యా ఇస్మాయిల్?" అన్నారు చంద్రమౌళి గారు. "పెళ్ళి పిలుపుకు వచ్చినవా?"

"అలవాటు సార్."

"ఆ అలవాటే మానుకోవాలె. లోపల ఎవడున్నడో తెల్వదు. ఒక్క మాట. పోలీస్. అంతే."

ఇస్మాయిల్ రోజంతా సాధన చేశాడు. సాయంత్రానికి అక్కను మానుకున్నాడు.

నాతోపాటు నల్ల దుస్తులు, మోకాళ్ళకు తొడుగులు, హెల్మెట్లు వచ్చాయి. హెల్మెట్లలో చెవుల మీదికి మందపాటి దిండ్లు ఉండేవి. విదేశంలో తలుపు పగిలిన వెంటనే పెద్ద చప్పుడు చేసే గుండు ఒకటి లోపలికి విసురుతారు, ఆ చప్పుడుకు తమ చెవులు దెబ్బతినకుండా ఆ దిండ్లు. ఇక్కడ ఆ గుండ్లు కొనలేదు. దిండ్లు మాత్రం హెల్మెట్లలోనే ఉండి వచ్చాయి కాబట్టి ఎవరూ తీయలేదు.

మొదటి నెలల్లో నాకు దక్కింది అవమానమే. తెల్లవారుజామున బస్తీని చుట్టుముట్టేవారు, సందు సందుకూ మనుషులను నిలబెట్టేవారు. నన్ను భుజాన వేసుకుని సాయిలు ఒక్కో ఇంటి ముందుకూ వెళ్ళేవాడు. చాలా ఇళ్ళకు తలుపు ఉండేది కాదు, పాత చీర కట్టి ఉండేది. చీరను నేనేం చేయను? తలుపు ఉన్నచోట గొళ్ళెం ఉండేది కాదు. ఒక ఇంట్లో ముసలాయన బయటికి వచ్చి నన్ను తడిమి చూశాడు.

"ఎంత బరువు మోస్తున్నవ్ బిడ్డా. జర దించు, నీళ్ళు తాగుదువు" అన్నాడు సాయిలుతో.

సాయిలు నన్ను దించి నీళ్ళు తాగాడు. తాగుతున్నంతసేపూ వెనక నుంచి తోటివాళ్ళు "అల్లుడికి మర్యాదలు బాగనే జరుగుతున్నయ్" అని ఎగతాళి చేశారు. కాగితాలు లేని మోటారు సైకిళ్ళు కొన్ని పట్టుకుని వెనక్కి వచ్చేవారు. మరునాడు పత్రికలో ఫొటో వచ్చేది. అందులో నేను ముందుండేవాడిని. ఏ పనీ చేయకపోయినా ఫొటోలో ఉండటం మనుషుల్లో కూడా చూశాను కాబట్టి నేనంత సిగ్గుపడలేదు.

ఆ ఎండాకాలంలో నగరంలో ఒక దొంగతనం జరిగింది. పోలీసు దుస్తులు వేసుకుని వచ్చిన నలుగురు, తనిఖీ అని చెప్పి ఒక బంగారు దుకాణం దోచుకుపోయారు. పై అధికారులు చంద్రమౌళి గారిని రోజూ అడుగుతున్నారు. అప్పుడు ఇసుకకుంట బస్తీ నుంచి ఒక కబురు వచ్చింది. టీకొట్టు దగ్గర కూర్చునేవాడెవడో చెప్పాడు. సత్తెమ్మ అనే ఆమె ఇంట్లో ఖాకీ చొక్కాల మూట ఉంది, కొత్తవి, బిళ్ళలు లేనివి, రాత్రిపూట మూట వస్తుంది, పొద్దున పోతుంది.

చంద్రమౌళి గారి ముఖంలో వెలుగు వచ్చింది. మైదానంలో నేర్చుకున్నదానికి మొదటిసారి నిజమైన పని దొరికింది.

ఇసుకకుంట బస్తీలో ఇళ్ళు ఒక్క గదివి. ఆ గదిలోనే వంట, ఆ గదిలోనే పడక. కిటికీ ఉండదు. ఎండాకాలం గాలి వచ్చేది తలుపు కింది సందులోంచే. అందుకని అందరికన్నా పెద్దవాళ్ళను, ఉక్కను తట్టుకోలేనివాళ్ళను తలుపు దగ్గర పడుకోబెడతారు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. పొద్దున తలుపు తీయాలంటే ముందు ఆ మనిషిని లేపాలి, చాప చుట్టాలి, ఆ తరువాత గొళ్ళెం. అక్కడ పుట్టి పెరిగిన ప్రతి మనిషికీ ఇది తెలుసు. సాయిలు కూడా అలాంటి గదిలోనే పెరిగాడు. అతని నాయనమ్మ తలుపు దగ్గరే పడుకునేది. ఈ మాట అతనే తరువాత చెప్పాడు. సత్తెమ్మ ఇంటికి వెళ్ళిన తెల్లవారుజామున అతనికి అది గుర్తు రాలేదు. మైదానంలో గది ఖాళీగా ఉంది కదా.

చీకటి ఇంకా పూర్తిగా విడలేదు. గోడకు ఆనుకుని అందరూ నిలబడ్డారు. ఇస్మాయిల్ "పోలీస్" అని అరిచాడు. సాయిలు నన్ను వెనక్కి ఊపాడు.

అందరికన్నా తలుపుకు దగ్గరగా ఉన్నది నేనే. నా చెవులకు దిండ్లు లేవు.

"ఆగుండ్రి, వస్తున్న" అంది లోపలి నుంచి ఒక ఆడగొంతు. "అత్తా, లెవ్వు. జర పక్కకు జరుగు. ఎవరో పిలుస్తున్నరు."

చాప జరిగిన చప్పుడు వినిపించింది. ముసలి మూలుగు ఒకటి వినిపించింది. అటు తరువాత గాజుల చప్పుడు తలుపు దాకా వచ్చింది. గొళ్ళెం మీద చెయ్యి పడింది. గొళ్ళెం కదిలింది కూడా.

మూడు అయిపోయింది.

నేను చేయగలిగిందేమీ లేదు. ఇనుముకు ఆగడం తెలియదు, ఆపేవాళ్ళు ఉంటే ఆగుతుంది. కొమురయ్య నన్ను బాగా చేశాడు. తలుపు ఒక్క దెబ్బకు పడింది.

నల్ల దుస్తులవాళ్ళు నేర్చుకున్నట్టే చేశారు. ఇద్దరు ఎడమకు, ఇద్దరు కుడికి. కానీ ఆ గదిలో ఎడమా కుడీ లేవు. ఒకరినొకరు గుద్దుకున్నారు. ఒకరి కాలు నీళ్ళ బిందెకు తగిలి గదంతా తడిసింది. టార్చి వెలుగులో మూలన ఖాకీ చొక్కాల మూట కనిపించింది. పక్కనే దారపు ఉండలు, డబ్బా నిండా గుండీలు. తలుపు పక్కన గోడకు జారగిలబడి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని సత్తెమ్మ కూర్చుని ఉంది. ఏడవలేదు. చేతినే చూసుకుంటోంది.

"ఈ అంగీలు ఎక్కడివి?" అని అడిగారు చంద్రమౌళి గారు.

సత్తెమ్మ చేతి మీంచి చూపు ఎత్తి మూట వైపు చూసింది.

"మీవే సార్" అంది. "టైలర్ దస్తగిరి ఇచ్చిండు. కాజాలు కుట్టనీకి."

ఇస్మాయిల్ హెల్మెట్ తీసి ఒక చొక్కా ఎత్తి చూశాడు. పోలీస్ లైన్ల దగ్గర దుకాణం ఉన్న దస్తగిరి దగ్గరే స్టేషన్‌లో సగం మంది బట్టలు కుట్టించుకుంటారు. కాజాలు కుట్టడం, గుండీలు వేయడం అతను బస్తీలో ఆడవాళ్ళకు ఇస్తాడు. పగలు గిరాకీ ఉంటుంది కాబట్టి రాత్రి మూట పంపి పొద్దున తీసుకుంటాడు. రోజూ ఒంటి మీద వేసుకుంటున్న చొక్కాకు కాజాలు ఎవరు కుడుతున్నారో ఆ గదిలో ఉన్న పోలీసుల్లో ఒక్కరికీ తెలియదు.

సత్తెమ్మ అత్త పెంటమ్మ తడిసిన చాప మీద కూర్చుని అందరి ముఖాలూ చూసింది. ఆమె చూపు సాయిలు దగ్గర ఆగింది. అతని చేతిలో నేనున్నాను.

"వస్తున్న అన్నది కద బిడ్డా" అంది. "తలుపు కొట్టుడు నేర్పలేదా మీకు? మీ అమ్మ ఇంటికి గూడ గిట్లనే పోతవా?"

సాయిలు నన్ను కింద పెట్టాడు. నీళ్ళలో పెట్టాడు. అతను నన్ను ఎత్తడం అదే ఆఖరు. నన్ను వేరెవరో జీపులో వేశారు.

బస్తీవాళ్ళు గొడవ చేశారు, పత్రికలు రాశాయి, విచారణ వేశారు. సత్తెమ్మ మణికట్టు, రెండు వేళ్ళు విరిగాయి. విచారణలో తేలవలసింది ఒక్కటే. పిలిచినప్పుడు ఆమె జవాబు ఇచ్చిందా లేదా. ఇచ్చి ఉంటే తప్పు పోలీసులది, ఆస్పత్రి ఖర్చు, నష్టపరిహారం ప్రభుత్వం ఇవ్వాలి. ఇవ్వకపోయి ఉంటే తప్పు ఆమెది.

విచారణ గదిలో నన్ను బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పడుకోబెట్టారు. నాకు అంతా తెలుసు. నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా ఇనుము ఏం చెబుతుంది?

సాయిలును పిలిచారు.

"లోపల నుంచి జవాబు వచ్చిందా?"

"నాకు వినపడలే సార్."

విచారణ అధికారి కలం తీశారు.

"ఆగుండ్రి సార్, ఇంకో మాటున్నది" అన్నాడు సాయిలు. "ఆ రోజు పెట్టుకున్న హెల్మెట్ ఇంటికి తీస్కపోయిన. నా భార్యను తలుపు లోపల నిలబెట్టి, వస్తున్న అనమన్న. నేను బయట నిలబడ్డ. నాలుగుసార్లు అన్నదంట. ఒక్కమాట గూడ వినపడలే. హెల్మెట్ తీసి నిలబడ్డ. అప్పుడు వినపడ్డది. మేం పిలిచింది నిజమే సార్. కానీ జవాబు వినే తీరు మాకు లేకుండె. ఆమె అన్నదంటే అన్నట్టే."

చంద్రమౌళి గారు నేల చూశారు. ఆయనకు బాధ కలిగిందని నాకు అనిపించింది. బాధ కలిగినంత మాత్రాన మనుషులు దారి మార్చుకోరు అని నాకు అప్పటికి ఇంకా తెలియదు.

విచారణ అధికారి సాయిలు చెప్పిందంతా ఓపికగా రాసుకున్నారు. కొన్ని వారాల తరువాత ఫలితం వచ్చింది. తప్పు హెల్మెట్లదని తేలింది. లోపలి మాటలు కూడా వినిపించే, చెవిలో యంత్రం ఉన్న కొత్త హెల్మెట్లను విదేశం నుంచి తెప్పించాలని సిఫారసు చేశారు. వాటి వాడకం నేర్చుకోవడానికి చంద్రమౌళి గారిని మళ్ళీ పంపాలని కూడా అందులో ఉంది. నాకన్నా తేలికైన, ఇంకా బలమైన ఇనుప మొద్దులు రెండు కొనమన్నారు. సత్తెమ్మ గురించి చివర ఒక వాక్యం ఉంది. ఆమె పట్ల సానుభూతి తెలియజేశారు. తప్పు మనిషిది కాదని తేలింది కాబట్టి పరిహారం ప్రసక్తి రాలేదు.

సాయిలును ఒక కార్యాలయం గేటు దగ్గరికి మార్చారు. నన్ను మాల్‌ఖానాలో పడేశారు. పట్టుకున్న సామాన్లను, పనికిరాని సామాన్లను పెట్టే గది అది. తుప్పు పట్టిన కత్తులు, దిక్కులేని మోటారు సైకిళ్ళు, సీలు వేసిన మూటలు నాకు ఇరుగుపొరుగు. బయట నీడలో కూర్చుని కానిస్టేబుళ్ళు మాట్లాడుకునే మాటలు వింటూ ఉంటాను. ఇస్మాయిల్, సాయిలు కలిసి ఒక ఆదివారం సత్తెమ్మ ఇంటికి రేకుల తలుపు పెట్టి వచ్చారట. పెంటమ్మ వాళ్ళకు చాయ్ ఇచ్చిందట గానీ, తాగుతున్నంతసేపూ తిట్టిందట. సత్తెమ్మ వేళ్ళు ఇక వంగవని డాక్టరు చెప్పాడట. కాజా కుట్టాలంటే బొటనవేలు, చూపుడువేలు సూదిని బిగించి పట్టాలి. దస్తగిరి కాజాల పని వేరేవాళ్ళకు ఇచ్చాడు. గుండీలు మాత్రం ఇంకా పంపుతున్నాడు. ఆమె ఎడమచేత్తో కుడుతోందట. కాజాకు ఇచ్చేదానిలో గుండీకి సగం కూడా రాదు. కొత్త హెల్మెట్లు వచ్చాయని కూడా విన్నాను. ఇసుకకుంట పక్క బస్తీలోనే మొదట వాడారట.

ఈ మాల్‌ఖానాకు కాపలా స్వరూప అనే కానిస్టేబుల్. గది తలుపుకు గొళ్ళెం ఊడిపోయి చాలా కాలమైంది. బాగుచేయించమని ఎన్నిసార్లు రాసినా ఎవరూ రాలేదు. గాలికి తలుపు కొట్టుకుంటుంటే ఆమె నన్ను దొర్లించి లోపలి నుంచి తలుపుకు ఆనించింది. ఇప్పుడు నా ఉద్యోగం అదే. తలుపు మూసి ఉంచడం. ఎవరైనా వస్తే తలుపు తీయాలంటే, స్వరూప కుర్చీలోంచి లేచి వచ్చి, రెండు చేతులతో నన్ను పక్కకు దొర్లించాలి. నేను తేలికైనవాడిని కాను. కొంచెం ఆలస్యమవుతుంది.

మొన్న మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు.

"ఎవరూ?" అంది స్వరూప.

"నేనే అక్కా. సాయిలును. గేటు రిజిస్టర్లు పెట్టనీకి వచ్చిన."

"ఆగు, వస్తున్న."

ఆమె చేస్తున్న పని పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని, నా దగ్గరికి వచ్చి వంగింది. ఒకసారి తోస్తే నేను కదలలేదు. మళ్ళీ తోసింది. తలుపు సందులోంచి సాయిలు చొక్కా కనిపిస్తోంది. ఖాకీ కొత్తది. పై నుంచి రెండో గుండీ కొంచెం వాలి ఉంది, దారం ఎక్కువసార్లు తిప్పి, ముడి పైకి కనబడేలా వేసి ఉంది. అతను దాన్ని సరిచేయించుకోలేదు.

"నిదానంగనే తియ్యక్కా" అన్నాడు బయటి నుంచి. "తొందరేం లేదు."

అతను నిలబడే ఉన్నాడు. నేను దొర్లుతున్న చప్పుడు వింటూ నిలబడ్డాడు. ఒక మనిషిని లేపి, చాప చుట్టి పక్కన పెట్టడానికి ఎంతసేపు పడుతుందో, అంతసేపు.

మూడు దాటి చాలాసేపు అయింది. ఎవరూ లెక్కపెట్టలేదు.